వెర్సాయ్ బదులు కుళ్లిన యాపిల్స్

పారిస్ వెళ్లి వెర్సాయ్ ప్యాలెస్ చూడకుండా వచ్చానంటే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ నమ్మడం లేదు. ఈఫిల్ టవర్, లూవ్ర్, సెన్ నదిలో పడవ అన్నీ అయ్యాయి. వాటి గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. వెర్సాయ్‌కి ఆదివారం అనుకున్నాం. అక్కడ ల్యాబ్‌లో పురుగుల మీద పరిశోధన చేసే మా అక్క కూతురు శనివారం రాత్రి అన్నాల దగ్గర మెల్లగా బయటపెట్టింది. "పిన్నీ, రేపు కుదరదేమో. పురుగుల్ని కొత్త జెల్లీ ప్లేట్లలోకి మార్చాలి. ముందు శివార్లలో ఓర్సే అనే ఊరు వెళ్లి యాపిల్స్ ఏరుకురావాలి." పోనీ సోమవారం వెళ్దామంటే ఆ రోజు ప్యాలెస్ మూసేస్తారట. రాజుగారి కోటకైనా వారానికో సెలవుంది గానీ ఈ పిల్ల పెంచే పురుగులకు లేదు. ఒళ్లు మండింది. అయినా ఒక్కదాన్నే ఇంట్లో కూర్చుని చేసేదేముంది, నేనూ బయల్దేరాను.

లక్సంబర్గ్ స్టేషన్ దగ్గర ఆర్‌ఈఆర్ బి అనే లోకల్ రైలు ఎక్కాం. అప్పుడు మనిషికి రెండున్నర యూరోలు పడింది. రూపాయల్లోకి మార్చి చూడొద్దని దాని పోరు. మార్చకుండా ఉండగలమా?

నా మొహం చూసి, దారంతా పురుగుల కథ ఎత్తుకుంది. పేరు సీ ఎలిగాన్స్, పొడవు మిల్లీమీటరు. బళ్లో పిల్లలకు మాత్ర వేస్తారే, ఆ నులిపురుగులకు దూరపు చుట్టమే గానీ మనిషి జోలికి రాదు. కుళ్లే పళ్లలో బాక్టీరియా తింటూ బతుకుతుంది. 1960లలో కేంబ్రిడ్జ్‌లో సిడ్నీ బ్రెన్నర్ అనే శాస్త్రవేత్త దీన్ని పరిశోధనకు ఎంచుకున్నాడు. దీని మీద చేసిన పనికి 2002 నుంచి 2024 దాకా నోబెల్‌లు వస్తూనే ఉన్నాయి. చాలావరకు ఇవి ఆడా మగా రెండూ తామే అయి పిల్లల్ని కంటాయి, మగవి ఎక్కడో ఒకటి. మరి ఆ మగవి దండగే కదా అన్నాను. కాదంది. అమెరికాలో, ఇండియానాలో కొన్ని మందల్ని మగవాటి అవసరమే లేకుండా చేసి, రోగం తెచ్చే బాక్టీరియాతో పెంచారట. ఆ బాక్టీరియా కూడా తరతరానికీ ముదురుతూ వచ్చింది. ఇరవై తరాలలోపే ఆ మందలు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. జతకట్టే మందలు నిలబడ్డాయి. 2011లో అచ్చయిన పని అది.

ఓర్సేలో తెలిసినవాళ్ల తోట. చెట్ల కింద గోధుమరంగుకి తిరిగి మెత్తబడ్డ కాయలే కావాలి దానికి, పురుగులు వాటిలోనే దొరుకుతాయి. గట్టిగా ఉన్నవాటిని పక్కకి తన్నేస్తోంది. చిన్నప్పుడు మామిడితోటలో కుళ్లిన కాయ తొక్కితే నాయనమ్మ ఎంత తిట్టేదో గుర్తొచ్చింది. ఇక్కడ అదే వెతికి సంచిలో వేయమంటోంది. పక్కింటి కంచె అవతల నుంచి ఒక ముసలాయన చాలాసేపు మమ్మల్నే చూశాడు. లోపలికి వెళ్లి బుట్టెడు మంచి యాపిల్స్ తెచ్చి కంచె మీదుగా అందించాడు. పాపం, తిండికి లేనివాళ్లం అనుకున్నట్టున్నాడు. ఇది ఫ్రెంచ్‌లో ఏదో చెప్పింది. ఆయన మా సంచిలోకి తొంగి చూశాడు, నా చీర వైపు చూశాడు, తల అడ్డంగా ఊపాడు. బుట్ట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఈ ఊరి యాపిల్ పురుగుల్లోనే వాటికి సహజంగా పట్టే వైరస్ మొదటిసారి దొరికిందనీ, దానికి ఓర్సే వైరస్ అని పేరు పెట్టారనీ ఆయనకి చెప్పిందో లేదో మరి.

ల్యాబ్‌కి వచ్చేసరికి మధ్యాహ్నం. యాపిల్ ముక్కలు ప్లేట్ల అంచున పెట్టి, నన్ను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. గాజులా పారదర్శకమైన ఒళ్లు. గొంతు దగ్గర చిన్న ఉండ టకటకా కొట్టుకుంటోంది, అది తిండి నమిలే మర లాంటిదట. కడుపులో వరసగా గుడ్లు. నడిచినంత మేరా జెల్లీ మీద వంకరటింకర గీత.

తర్వాత రెండు ప్లేట్లు పక్కపక్కన పెట్టింది. ఒకదాంట్లో పురుగులు దేనికది విడిగా తిరుగుతూ తింటున్నాయి. రెండోదాంట్లో బాక్టీరియా పొర అంచున గుంపులు కట్టి పెనవేసుకుని ఉన్నాయి. గుంపు కట్టినవి ఇలా బయట కుళ్లిన పళ్లలోంచి తెచ్చిన అడవి పురుగులు. విడిగా ఉన్నవి 1951లో బ్రిస్టల్‌లో పుట్టగొడుగుల ఎరువులోంచి తీసినవాటి సంతానం, ప్రపంచమంతా ల్యాబుల్లో వాడేది ఈ రకమే. ఇది అసలు సిసలు పురుగు అని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే 1969లో ఫ్రీజర్‌లో దాచడం మొదలయ్యేలోపే, ఆ ప్లేట్ల బతుక్కి తగ్గట్టు దాని జన్యువులు మారిపోయాయి. ఎవరూ కావాలని మార్చలేదు. పురుగుల్ని చూస్తూ కూర్చున్నవాళ్ల కళ్ల ముందే, వాళ్లకి చెప్పకుండా పరిణామం జరిగిపోయింది. నాకు భలే నచ్చిన సంగతి ఇదే.

మా పిల్ల పని ఉప్పు ఎక్కువ వేసిన ప్లేట్లతో, తరాలు గడిచేకొద్దీ పురుగులు ఆ ఉప్పుని ఎలా తట్టుకుంటాయో చూడడం. మూడు నాలుగు రోజులకో తరం, ఏడాదికి దగ్గర దగ్గర వంద. మన లెక్కలో వంద తరాలు వెనక్కి వెళ్తే బుద్ధుడి కాలం. కొన్నిటిని మైనస్ 80 డిగ్రీల్లో దాచి, తర్వాత కరిగిస్తే లేచి కూర్చుంటాయట! అలా లేపిన ముత్తాతల్ని ముని మనవలతో ఒకే ప్లేట్‌లో పోటీకి దింపుతుంది.

"ఒక్క ఆదివారం వదిలేస్తే ఏమవుతుందే?" అన్నాను.

"తిండి అయిపోతుంది పిన్నీ. అప్పుడు ఉప్పుని తట్టుకున్నవి కాదు, పస్తుని తట్టుకున్నవి మిగులుతాయి. ఇన్నాళ్ల పని వేరే ప్రయోగమైపోతుంది."

దాంతో నా వెర్సాయ్ కోపం సగం దిగింది. మిగతా సగం పారిస్‌లోనే లా షాపెల్ పేటలో దోసె తిన్నాక దిగింది, ధర చూశాక మళ్లీ కొంచెం ఎక్కింది.

ఎయిర్‌పోర్ట్ ట్రైన్‌లో ఉండగా మెసేజ్ వచ్చింది. ఒక యాపిల్ ముక్కలోంచి వచ్చినవి ఎలిగాన్సే అని తేలిందట. వాటికి నా పేరు పెట్టమన్నాను. "పేర్లుండవు పిన్నీ, ల్యాబ్ కోడ్ రెండక్షరాలు, పక్కన నంబరు, అంతే" అంది. వైరస్‌కి ఊరి పేరు పెట్టగా లేనిది పురుగుకి మనిషి పేరు ఎందుకు కుదరదు, నాది కాకపోతే ఆ బుట్ట ఇచ్చిన ముసలాయనది పెట్టు అని మెసేజ్ కొట్టాను. నవ్వే బొమ్మ ఒకటి పంపి ఊరుకుంది.