యాంటీ-సర్జ్ వాల్వ్ కోసం లేఅవుట్ మళ్లీ గీసిన నా అనుభవం

మొదటిసారి సెంట్రిఫ్యూగల్ గ్యాస్ కంప్రెసర్ పైపింగ్ నా చేతికొచ్చినప్పుడు యాంటీ-సర్జ్ వాల్వ్‌ని (కంప్రెసర్ బయటికి పంపిన గ్యాస్‌ని రీసైకిల్ లైన్ ద్వారా మళ్లీ సక్షన్‌కి, అంటే గ్యాస్ పీల్చుకునే వైపుకి, తిప్పి పంపే వాల్వ్‌ని) కూడా మామూలు కంట్రోల్ వాల్వ్ లాగే చూశాను. ఆపరేటర్‌కి అందేలా పైప్‌రాక్ పక్కన, నేలకి దగ్గరగా పెట్టేశాను. డిశ్చార్జ్ చెక్ వాల్వ్ (బయటికెళ్లిన గ్యాస్‌ని వెనక్కి రానివ్వని వాల్వ్) ఆఫ్టర్‌కూలర్ (కంప్రెస్ అయి వేడెక్కిన గ్యాస్‌ని చల్లబరిచేది) దాటి, ఇంకో మూడు బెండ్ల తర్వాత ఉంది.

రివ్యూలో ప్రాసెస్ సీనియర్ ఒకాయన ఒక్కటే అడిగారు: "కంప్రెసర్ నాజిల్ నుంచి ఈ రెండు వాల్వ్‌ల దాకా ఎంత గ్యాస్ నిలిచి ఉంటుందో లెక్కేశారా?" వేయలేదు.

మెషిన్ ట్రిప్ అయితే, అంటే హఠాత్తుగా ఆగిపోతే, స్పీడ్ చకచకా పడిపోతుంది, దాంతో హెడ్ (గ్యాస్‌ని ప్రెషర్‌కి ఎదురు నెట్టే బలం) ఇచ్చే శక్తీ పోతుంది, కానీ పైపుల్లో, కూలర్లో ఉన్న గ్యాస్ ప్రెషర్ అంత త్వరగా దిగదు. వాల్వ్ 1-2 సెకన్లలో పూర్తిగా తెరుచుకున్నా, వదిలించాల్సిన గ్యాస్ ఎక్కువైతే అది కంప్రెసర్లోకే వెనక్కి తన్నుతుంది. అదే సర్జ్. థ్రస్ట్ బేరింగ్, సీల్స్ మీద పడే దెబ్బ తలుచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కూలర్‌ని లూప్ నుంచి తీసేద్దామంటే కుదరదు, చల్లబడని గ్యాసే మళ్లీ మళ్లీ తిరిగితే సక్షన్ వేడెక్కిపోతుంది. అందుకే పైపు పొడవు మీదే పడ్డాను. చెక్ వాల్వ్‌ని కూలర్ దగ్గరికి లాక్కొచ్చి, ఆ చెక్ వాల్వ్‌కి ముందే రీసైకిల్ లైన్‌ని హెడర్ (ప్రధాన పైపు) పైభాగం నుంచి తీశాను, వాల్వ్‌ని ఎత్తులో పెట్టి రెండు వైపులా వాలు ఇచ్చాను, లిక్విడ్ నిలవకుండా. ప్లాట్‌ఫాం అదనంగా పడిందని స్ట్రక్చరల్ వాళ్లు గొణిగారు. వాళ్ల బాధ న్యాయమే, అయినా ఒప్పుకున్నారు. కొత్త కొలతలతో డైనమిక్ సిమ్యులేషన్ మళ్లీ నడిపితే, హాట్ గ్యాస్ బైపాస్ (కూలర్‌కి ముందే వేడి గ్యాస్‌ని సక్షన్‌కి పంపే ఇంకో లైన్) లేకుండానే ట్రిప్ కేసు గట్టెక్కింది.

ఐసోలేషన్ వాల్వ్‌ల్లో (లైన్‌ని పూర్తిగా మూసేయడానికి పెట్టేవి) నేను చేసిన తప్పు ఇంకొకటి. సక్షన్ ఐసోలేషన్‌ని రీసైకిల్ లైన్ కలిసే చోటుకీ స్క్రబ్బర్‌కీ (కంప్రెసర్‌కి ముందు గ్యాస్‌లోని లిక్విడ్‌ని వేరుచేసేది) మధ్య పెట్టాను, అది మూస్తే లూపే తెగిపోతుంది! రీసైకిల్ వచ్చి కలిసేది ఆ వాల్వ్‌కి లోపలి వైపే, అంటే కంప్రెసర్ వైపే, ఉండాలి. యాంటీ-సర్జ్ వాల్వ్‌కి అటూ ఇటూ ఉన్నవాటిని ఫుల్ బోర్ (పైపంత వెడల్పు దారి ఉండే) బాల్ వాల్వ్‌లుగా మార్చి లాక్డ్ ఓపెన్ (తెరిచి తాళం వేయాలి) అని రాశాను, ఎందుకంటే వాటిలో ఒకటి మూసి మర్చిపోతే కంట్రోలర్ ఎంత తెరిచినా గ్యాస్ కదలదు.

కమిషనింగ్‌లో ట్రిప్ టెస్ట్ రోజు నేనక్కడే ఉన్నాను. స్టెమ్ ఒక్క ఊపులో లేచింది, చెక్ వాల్వ్ మూసుకున్న చప్పుడు ఒక్కసారే వినిపించింది, ఆ తర్వాత రీసైకిల్ లైన్లో గ్యాస్ హోరు మాత్రమే.