లాంకాస్టర్‌లో ఒక సమాధి కోసం

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది పాతకాలపు పద్ధతిలో బతికే ఆమిష్ క్రైస్తవుల గుర్రబ్బండ్లు, ఔట్‌లెట్ షాపింగ్. న్యూజెర్సీ నుంచి మేమూ వాటికనే బయల్దేరాం గానీ, నాకు మాత్రం ఆ ఊళ్లో, బానిసత్వం మీద పోరాడిన నాయకుడు థాడియస్ స్టీవెన్స్ సమాధి చూడాలని ఎన్నేళ్ల నుంచో కోరిక.

శనివారం పొద్దున సెంట్రల్ మార్కెట్లో టిఫిన్ కానిచ్చి, చెస్ట్‌నట్ వీధిలోని ష్రైనర్ శ్మశానానికి నడిచాం. ఇళ్ల మధ్య చిన్న జాగా. రాతి మీది అక్షరాల వెంట వేలు జరుపుతూ మా పాప చదువుతుంటే వెనక నిలబడి విన్నాను. ఏకాంతం మీద ఇష్టంతో ఇక్కడ పడుకోలేదు, మిగతా శ్మశానాల్లో జాతిని బట్టి రానిచ్చే రూల్స్ ఉన్నాయి, దేవుడి ముందు మనుషులంతా సమానమని బతికినన్నాళ్లూ చెప్పిన మాటని చావులోనూ చూపించాలని ఈ చోటు ఎంచుకున్నాను, అని దాని సారాంశం. రెండోసారి చదవమన్నాను.

1792లో వెర్మాంట్‌లో పేద ఇంట్లో, వంకర పాదంతో పుట్టాడాయన. లాయరై, శాసనసభకి వెళ్లి, 1835లో పెన్సిల్వేనియా ఉచిత బడుల చట్టం రద్దు కాబోతుంటే ఒక్క ప్రసంగంతో సభ మనసు మార్చాడు. తర్వాత కాంగ్రెస్. బానిసత్వం మీద ఉత్తరాదికీ దక్షిణాదికీ జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో ఖజానా వ్యవహారాలు చూసే కమిటీకి ఛైర్మన్. 1863లో దక్షిణాది సైన్యం ఆయన ఇనుప కార్ఖానాని తగలబెట్టినా వెనక్కి తగ్గలేదు. రాజ్యాంగం 14వ సవరణని ప్రతినిధుల సభలో ముందుండి నడిపించాడు. ఇక్కడ పుట్టినవాళ్లు ఇక్కడి పౌరులే అన్న వాక్యం దానికి సెనేట్‌లో చేరింది. న్యూజెర్సీ ఆసుపత్రిలో పుట్టిన మా పాప పౌరసత్వం ఆ వాక్యం చలవే. విముక్తులైన బానిసలకి తలా 40 ఎకరాలు ఇవ్వాలన్న ఆయన బిల్లు మాత్రం గట్టెక్కలేదు, నాకు అన్నిటికంటే బాధ అక్కడే. భూమి లేని స్వేచ్ఛ ఎంతవరకు వస్తుందో మా ఇంట్లో వాళ్లకి బాగా తెలుసు. 1868లో, నడవలేని స్థితిలో కుర్చీలో మోయించుకుని వచ్చి మరీ అధ్యక్షుడు జాన్సన్ అభిశంసన కోసం పోరాడాడు. సెనేట్‌లో ఒక్క ఓటుతో పోయింది. ఆ ఆగస్టులోనే చనిపోయాడు.

అక్కణ్ణుంచి సౌత్ క్వీన్ వీధిలో ఆయన ఇంటికి వెళ్లాం. ఇరవై ఏళ్లు ఆ ఇంటిని నడిపిన లిడియా హామిల్టన్ స్మిత్, నల్లజాతి తల్లికి పుట్టిన మనిషి, ఆయన పోయాక ఆ ఇల్లు తనే కొనుక్కుంది. అక్కడి తవ్వకాల్లో బయటపడిన నీళ్ల తొట్టిలో పారిపోయి వచ్చిన బానిసల్ని దాచి ఉంటారని అనుకుంటారు.

కారెక్కాక పాపకి మా ఊరి సంగతి చెప్పాను. చెరువు గట్టు కింద ఊరి శ్మశానం, డొంక దాటాక మా వాడది.

"తాతయ్యని ఎక్కడ పెట్టారు నాన్నా?" అంది.

డొంక అవతల, అన్నాను.