కాపరి లేని మంద

"నా ప్రోగ్రాంలో మనుషులుండరు డాడీ. కాపరిని పెట్టను" అని మా వాడు తెగేసి చెప్పాడు. సెలవులకు దేవరకొండ వైపు మా ఊరొచ్చాం. దొడ్లో గొర్రెపిల్లలున్నాయి చూద్దువు రారా అంటే రాడు. పిలిచి పిలిచి, చివరికి నేనే కుర్చీ లాక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నా. స్క్రీన్ తగ్గించమని ఏడాది పొడుగునా సతాయించేది కూడా నేనే.

వాడు తెరిచింది నెట్‌లోగో అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. అందులో యూరీ విలెన్‌స్కీ 1997లో రాసిన తోడేళ్లు, గొర్రెల కంప్యూటర్ నమూనా ఉంది. సెటప్ నొక్కితే 100 గొర్రెలు, 50 తోడేళ్లు తెర మీద చల్లినట్టు పడతాయి. గో నొక్కితే ఎటు పడితే అటు తిరుగుతాయి. తోడేలు అడుగు వేస్తే శక్తి తగ్గుతుంది, గొర్రె దొరికితే 20 పెరుగుతుంది. గడ్డిని లెక్కలోకి తేకపోతే ఆట నిలవదు. తోడేళ్లు గొర్రెలన్నీ తినేసి తామూ ఆకలితో పోతాయి, లేదంటే అవే ముందు చచ్చి తెరంతా గొర్రెలే. గడ్డి తిరిగి మొలిచేలా పెడితేనే వాటి సంఖ్యలు చూపే రెండు గీతలూ ఎక్కుతూ దిగుతూ సాగుతాయి.

కాపరి కోసం నేను పట్టుబట్టాను. ఇటలీ గణిత శాస్త్రవేత్త వోల్టెరా 1926లో ఈ వేటాడేవీ, వేటయ్యేవీ లెక్క కట్టిందే మనుషుల వల్ల అన్నాను. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో వేట తగ్గితే, వలల్లో పడ్డవాటిలో మిగతా చేపల్ని తినే చేపల వాటా పెరిగింది. ఎందుకని వోల్టెరాను అడిగింది ఆయనకు కాబోయే అల్లుడే. "చూశావా, మనుషులు తప్పుకుంటేనే కదా తెలిసింది" అన్నాడు వీడు. నోరు మూసుకున్నా.

అసలు నాకెందుకింత పట్టుదల? మా నాన్న మంద కాసిన మనిషి. నన్ను మాత్రం ఒక్కనాడూ వెంట తీసుకుపోలేదు, చదువుకో అన్నాడు. నేను తొక్కని బాట మీద కొడుకును నడవమంటున్నాను. పిల్లల్ని ఊరికి తీసుకురండి, వాళ్లే నేర్చుకుంటారని స్నేహితులకు చెబుతుంటాను. ఏం నేర్చుకుంటారో నాకే సరిగ్గా తెలియదు.

నాన్న వచ్చి తెర చూసి, "గొర్రెలు ఇట్ల చెదిరి తిరుగుతయారా? ఒకదాని ఎనక ఒకటి పోతయి గని" అన్నాడు. నా ఉపన్యాసాలకు కదలనివాడు ఆ ఒక్క మాటకు కోడ్ తెరిచాడు. ఒప్పుకోవాలంటే కొంచెం కుళ్లుగానే ఉంది. సాయంత్రానికి గొర్రెలు గుంపు కట్టాయి. ఉన్నచోట గడ్డి అయిపోయి, సగం చచ్చాయి.

"మంద నడిపేటోడు లేకపాయె, సావయా మరి" అన్నాడు నాన్న.

వాడు ఒప్పుకుంటేనా! గడ్డి మొలిచే కాలాన్ని 30 నుంచి 10కి తగ్గించాడు. తెరంతా పచ్చబడింది.

"ఇట్ల మొలిచేదుంటే నేను అన్ని బోర్లెందుకు ఏపిస్తరా" అంటూ నాన్న దొడ్లోకి పోయాడు.