'అనుమతించు' నొక్కాక

పదకొండున్నర. ఆయన నిద్రపోయారు. నాకు పట్టేలా లేదు.

తమ్ముడి సంగతి తెలిసిందే కదా, ఏదైనా పట్టుకుంటే వదలడు. దుబాయ్ పోయినప్పట్నుంచీ ఒకటే గోల. అక్కడ వాట్సాప్‌లో మెసేజీ పోతుంది, ఫోటో పోతుంది, కాల్ మాత్రం కలవదు. యూఏఈ వాళ్ళు ఒప్పుకున్న యాపుల్లోనే మాట్లాడుకోవాలి. "అక్కా, ఇది వేసుకో, ఒక్క నిమిషం పని" అని లింకు పంపినాడు. ఒక్క నిమిషమా! ముందు ఓటీపీ. తర్వాత మైకు, కెమెరా. సరే, అవి ఇవ్వక తప్పదు. తర్వాత లొకేషను. అద్దెకు దిగిన రోజే బీరువా తాళాలు అడిగినట్టుంది. దానికి 'వద్దు' అన్నా. ఇంతలో కుక్కరు మూడో విజిల్ వేసింది, ఆ హడావుడిలో కాంటాక్ట్స్ దగ్గర 'అనుమతించు' నొక్కేశా.

"పరాయి దేశం యాపు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌తో కలిపి 59 యాపులు ఊరికే ఆపేశారా?" అని ఆయన మొదలుపెట్టారు. సాయంత్రం దాకా నేనూ ఔననే అనుకున్నా. పాలు కాస్తా ఉంటే తట్టింది, వాట్సాప్ మాత్రం మదనపల్లెలో పుట్టిందా? 2014లో దాన్ని కొన్నది ఫేస్‌బుక్కే. 2021 సంక్రాంతప్పుడు కొత్త షరతులంటా వచ్చాయని ఇంటిల్లిపాదీ వేరేదానికి మారిపోతామని ఎగిరి, కనుమ నాటికి మళ్ళీ పాత గ్రూపులోనే ముగ్గుల ఫోటోలు పెట్టుకోలేదూ? మనదేనని ఆయన చేరిన కూ, అదే ట్విట్టర్ లాంటి యాపు, అయితే 2024లో మూతే పడింది. కాబట్టి నా బాధ దేశం గురించి కాదు.

ఫోన్లో ఆరొందల చిల్లర నంబర్లు. టైలరుది, పాలాయనది, పిల్లల డాక్టరుది. ఎవర్నీ అడక్కుండా అన్నీ అప్పజెప్పేశా. అదైనా సర్దుకుందును. 'మీకు తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు' అని ఒక జాబితా చూపించింది. తమ్ముడు, పాత ఇంటి ఓనరు, చీటీల ఆమె. నాలుగో పేరు నాయన.

ఫోటోలో ఎవరో పిల్లోడు, అలిపిరి గరుడ విగ్రహం దగ్గర బైకు మీద.

ఆపేసిన నంబరును కనీసం 90 రోజులు ఇంకొకరికి ఇవ్వరని 2023లో ట్రాయ్, అదే ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ, సుప్రీంకోర్టుకు చెప్పింది, పేపర్లో చదివా. చదివి ఊరుకున్నా. నెలనెలా దండగ అని రీచార్జి ఆపింది నేనే మరి.

ఆ నంబరు కోసం నాయన గాంధీరోడ్డులో అంగడి అంగడీ తిరిగారు. చివర్లో మూడు ఏడులు ఉండాలి, కొండ కనిపించే ఊళ్ళో ఉంటూ ఏడు లేని నంబరా అని. దానికి ఐదొందలు ఎక్కువ తీసుకున్నారు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు చూస్తే గొడుగు పిడి మీద, క్యారియరు అడుగున, చివరికి మా నీళ్ళ బిందె మీద కూడా ఎర్ర ఎనామిల్ పెయింటుతో అదే నంబరు, ప్రతి ఏడుకూ నడుమ అడ్డగీత. "బిందె ఫోన్ చేస్తుందా?" అంది అమ్మ. అలా మాటలు కలిశాయి. ఆ బిందె ఇంకా కింద ఉంది. ఒక ఏడు అరిగిపోయి వట్టి గీతే మిగిలింది.

ముందు ఆ పిల్లోడి మీద కోపమొచ్చింది. వాడేం చేస్తాడు పాపం, వాళ్ళ వాళ్ళు కూడా ఎవరో దుబాయ్‌లో ఉన్నట్టుంది. పేరు మారుద్దామని తెరిచి, ఏమని రాయాలో తోచక మూసేశా.

తమ్ముడి కాల్ అయితే బాగానే కలిసింది. గది చూపించాడు, కొంచెం లావయ్యాడు.

పొద్దున పెద్దోడు అవ్వ ఫోన్లో కూడా ఇది వేస్తానన్నాడు. అమ్మ ఫోన్లో మొదటి నంబరు ఇప్పటికీ నాయనదే. ఆరింటికే లేచి కిందికి పోవాలి. కాంటాక్ట్స్ అడిగిన చోట 'వద్దు' నొక్కేదాకా వాడి పక్కనే నిలబడాలి.