ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారు?

నా గదిలోకి మనిషి కంటే ముందు ఆ మనిషి ఫైలు వస్తుంది. ఏ మందు ఎంత మోతాదులో వాడారు, ఎన్నిసార్లు ఆస్పత్రిలో చేరారు, ఉద్యోగం ఎందుకు పోయింది, ఇంట్లోవాళ్లతో ఎక్కడ చెడింది అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. అవి కౌన్సెలర్‌కు అవసరమైన వివరాలే. అయితే పదేళ్లుగా మానసిక జబ్బుతో ఉన్న ఈ వ్యక్తి ఈ ఉదయం లేచి, స్నానం చేసి, రెండు బస్సులు మారి నా దాకా ఎలా రాగలిగారో చెప్పే వాక్యం మాత్రం అందులో ఒక్కటీ కనిపించదు.

అందుకే తొలి సమావేశంలో రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతాను. "మీకు జరుగుతున్నదాన్ని మీరు ఏమంటారు?" అన్నది మొదటిది. "ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారు?" అన్నది రెండోది.

మొదటి ప్రశ్న నేను కనిపెట్టింది కాదు. మానసిక వైద్యుడూ మానవశాస్త్రవేత్తా అయిన ఆర్థర్ క్లైన్‌మన్ తన సహచరులతో కలిసి 1978లో ప్రచురించిన వ్యాసంలో, రోగి తన బాధకు చెప్పుకునే అర్థాన్ని అతని నోటనే వినాలని, దానికి కారణం ఏమనుకుంటున్నారు, దేనికి ఎక్కువ భయపడుతున్నారు వంటి ప్రశ్నలు వేయాలని సూచించారు. మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన చేతిపుస్తకం డీఎస్‌ఎం-5లో ఈ దారిలోనే సాగే 16 ప్రశ్నల ఇంటర్వ్యూ చేరింది. డిప్రెషన్ అన్న మాటే వాడకుండా ఒళ్లంతా బరువుగా ఉందనీ గుండెల్లో మంటగా ఉందనీ చెప్పేవారుంటారు. తమకు వచ్చిన కష్టం ఎప్పుడో జరిగిన తప్పుకు ఫలితమని నమ్మేవారూ ఉంటారు. ఆ మాటలను విన్న వెంటనే నా పరిభాషలోకి మార్చేసుకుంటే, ఇంతవరకు వారు సాయం కోసం ఎవరి దగ్గరకు వెళ్లారో, అక్కడ ఏది ఊరటనిచ్చిందో నాకు తెలిసే అవకాశం పోతుంది.

రెండో ప్రశ్నకు మూలం 1980లలో కాన్సస్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ రాప్, ఆయన సహచరులు తీవ్ర మానసిక రుగ్మతలున్నవారి విషయంలో చేసిన కృషిలో ఉంది. లోపాల జాబితాతో కాకుండా, మనిషికున్న నేర్పు, కోరిక, పరిచయాలు, చుట్టూ దొరికే ఆసరాలతో ప్రణాళిక మొదలుపెట్టాలన్నది వారి పద్ధతి. బలం అంటే మనిషి లోపలి గుణం మాత్రమే కాదన్న సంగతిని ఇందులో నేను అన్నిటికంటే విలువైనదిగా భావిస్తాను. ఏ వేళ ఫోన్ చేసినా ఎత్తే అక్క, అద్దె ఆలస్యమైతే ఓపిక పట్టే ఇంటి యజమాని, ఎంతసేపైనా కూర్చోనిచ్చే గ్రంథాలయం కూడా బలాలే.

ఈ రెండు ప్రశ్నలూ విడదీయరానివని నాకు నేర్పినది ఒక మహిళ. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను. ఆమె పుట్టిన దేశం వేరు, భాష వేరు. ఎవరివో గొంతులు చెవిలో వినబడుతూ ఉండేవి. "తనలో తాను గొణుక్కుంటుంది" అని ఫైల్లో చాలాచోట్ల లక్షణంగా రాసి ఉంది. ఆమె భాష తెలిసిన దుబాసీ వచ్చిన రోజున, ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారని అడిగాను. గొంతులు పెరిగినప్పుడు చేతికి దొరికిన బట్టలు మడతపెడుతూ, చిన్నప్పుడు నేర్చుకున్న అంకెలను పైకి లెక్కపెడతానని, నూరు దాటేసరికి గొంతులు వెనక్కి తగ్గుతాయని ఆమె చెప్పారు. అన్నేళ్లుగా మేము జబ్బు లక్షణమని రాసుకుంటూ వచ్చినది జబ్బును అదుపులో పెట్టడానికి ఆమె సొంతంగా కనుగొన్న ఉపాయం. ఆమె భాష మాకు రాకపోవడమే ఆ పొరపాటుకు కారణం.

నా పొరపాట్లు అంతకుముందూ ఉన్నాయి. ప్రతి నిర్ణయమూ తండ్రిని అడిగి తీసుకునే ఒక యువకుడి విషయంలో, అది పరాధీనత అని తీర్మానించుకుని, "సొంతంగా నిర్ణయాలు తీసుకోవడం" అనే లక్ష్యాన్ని నేనే రాసిపెట్టాను. మూడో వారం నుంచి అతను రావడం మానేశాడు. నేను లోపమనుకున్నది అతని కుటుంబంలో గౌరవం. అతను నిలబడడానికి ఉన్న గట్టి ఆసరా కూడా అదే. మెలనీ టెర్వలాన్, జాన్ మర్రే-గార్సియా అనే ఇద్దరు వైద్యులు 1998లో ప్రతిపాదించిన సాంస్కృతిక వినయం అన్న భావన నాకు ఆ తర్వాతే నిజంగా అర్థమైంది. ఒక సంస్కృతి గురించి నాలుగు విషయాలు నేర్చుకుని నైపుణ్యం వచ్చేసిందనుకోవడం సరికాదని, తన అంచనాలను తానే జీవితాంతం పరీక్షించుకుంటూ ఉండాలని వారు చెప్పారు.

అలాగని సంస్కృతి పేరు చెప్పగానే అన్నిటికీ తలవంచడం కూడా తప్పే. ఏ మనిషీ తన సమాజానికి నమూనా కాదు. ఒకరికి అండగా నిలిచే కుటుంబమే మరొకరికి గాయం చేసి ఉండవచ్చు. అందుకే కుటుంబాన్ని ఆహ్వానించేముందు ఆ వ్యక్తితో ఒంటరిగా మాట్లాడతాను. ఇంట్లోని పిల్లలను దుబాసీలుగా వాడుకోను, ఎందుకంటే తల్లి బిడ్డ ముందు చెప్పలేని మాటలుంటాయి, బిడ్డ మోయకూడని మాటలూ ఉంటాయి.

బలాల గురించి మాట్లాడడం కష్టాన్ని తోసిపుచ్చడం కాకూడదు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని నేను సూటిగానే అడుగుతాను. వస్తున్నాయంటే ఆనాటి సంభాషణ అంతా వారి భద్రత గురించే సాగుతుంది. మందులు అవసరమైనవారికి మందులు అవసరమే. ఇల్లు లేనివారితో, వివక్ష వల్ల పని దొరకనివారితో "మీలో ఎంతో శక్తి ఉంది" అని చెప్పి పంపడం క్రూరత్వమని నా అభిప్రాయం. అక్కడ ముందుగా చేయవలసినది ఆ ఇంటి కోసం, ఆ పని కోసం వారితోపాటు తిరగడం.

పునరావాసంలో పని విషయం మీద నాకు ప్రత్యేకమైన పట్టుదల ఉంది. ముందు ఏళ్లతరబడి శిక్షణ, పూర్తిగా నయమయ్యాకే ఉద్యోగం అన్న పాత క్రమాన్ని రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ రూపొందించిన ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్) పద్ధతి తలకిందులు చేసింది. పని చేయాలని మనిషి కోరుకోవడమే అర్హత. ముందు నిజమైన ఉద్యోగం, తర్వాత అవసరమైనంత కాలం తోడు. పలు దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో పాత పద్ధతికంటే ఎక్కువమందికి దీనివల్ల ఉద్యోగాలు దొరికాయి. లక్షణాలు మిగిలి ఉన్నా తృప్తితో, ఆశతో, పదిమందికి పనికివచ్చేలా జీవించడమే కోలుకోవడమని మానసిక పునరావాస నిపుణుడు విలియం ఆంథొనీ 1993లో ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే దిశను చూపుతుంది.

ఆ మహిళ కోరినది దుస్తులు ఉతికే చోట పని. యజమానితో ఏం చెప్పాలో, ఏం చెప్పనక్కరలేదో ఆమే నిర్ణయించారు. మధ్యలో ఒకసారి జబ్బు తిరగబెట్టి ఆరు వారాలు పని మానవలసి వచ్చింది, మళ్లీ చేరారు. ఆమె కొత్త ప్రణాళికను దుబాసీ సాయంతో ఆమె ఎదుటే రాశాను. "గొణుక్కోవడం ద్వారా గొంతులను అదుపు చేసుకుంటారు" అని నేను రాసిన వాక్యం దగ్గర ఆమె ఆపి, ఒక మాట మార్చమన్నారు. గొణుగుడు కాదట, లెక్క. మార్చాను.