మొక్కు కాదమ్మా, మొక్కి

ఫిన్లాండ్‌లో జూలై వచ్చిందంటే ఆఫీసుకి తాళం వేసినట్టే. నిజంగా తాళం వెయ్యరు గానీ, ఎవరికి మెయిల్ పెట్టినా క్షణంలో అదే జవాబు: "సెలవులో ఉన్నాను, ఆగస్టులో వస్తాను." నేను హెల్సింకీ పక్కనున్న ఎస్పోలో ఉద్యోగంలో చేరింది 2017లో. చేరిన కొత్తలో నెలకు రెండు రోజుల చొప్పునే సెలవు జమ అవుతుంది కాబట్టి ఆ వేసవి ఎక్కడికీ పోలేదు. మా అంతస్తు మొత్తానికి నేనూ, చెన్నై నుంచి వచ్చిన ఇంకో కుర్రాడూ, కాఫీ మిషనూ మిగిలాం. హైదరాబాద్‌లో పనిచేసేటప్పుడు చెల్లెలి పెళ్ళికి నాలుగు రోజులు సెలవడిగితే మేనేజరు ల్యాప్‌టాప్ తీసుకెళ్ళమన్నాడు. ఇక్కడ ఫిబ్రవరిలోనే మేనేజరు పిలిచి వేసవికి ఎప్పుడు పోతున్నావని అడుగుతాడు. తేదీలు చెప్పకపోతే ఆయనకే టెన్షన్.

ఇందులో ఒక మెలిక ఉంది. సెలవుల లెక్కలో ఇక్కడ శనివారం కూడా పనిదినమే. సోమవారం నుంచి శుక్రవారం దాకా సెలవు పెడితే ఆరు రోజులు కోస్తారు. మొదటిసారి చూసి లెక్క తప్పిందని హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను. జవాబు ఆగస్టులో వచ్చింది.

ఇంతకీ వీళ్ళంతా జూలైలో ఎక్కడికి పోతారంటే, మొక్కికి. మొక్కి అంటే చెరువు గట్టునో అడవి మధ్యనో ఉండే చిన్న చెక్క ఇల్లు. 56 లక్షల జనాభా ఉన్న దేశంలో ఇలాంటి వేసవి ఇళ్ళు దాదాపు 5 లక్షలున్నాయి. సొంతది లేకపోతే మేనమామది ఉంటుంది, అదీ లేకపోతే అద్దెకు దొరుకుతుంది. మనవాళ్ళు మాత్రం వేసవి రాగానే పారిస్, స్విట్జర్లాండ్, పది రోజుల్లో ఏడు దేశాలు. నేనూ తిరిగాను. ఫోటోల్లో ఏది ఏ ఊరో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

మొన్నటి వేసవి అమ్మా నాన్నా వచ్చారు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, దేశాలు తిప్పే పని లేదు. అందుకని సావొన్‌లిన్నా దగ్గర సైమా సరస్సు ఒడ్డున వారానికి 600 యూరోలకి ఒక మొక్కి బుక్ చేశాను. పేరు చెప్పగానే అమ్మ, "మొక్కేమిట్రా, ఏ దేవుడికి?" అంది. మొక్కు కాదమ్మా, మొక్కి అని చెప్పినా లాభం లేదు. ఊరికి ఫోన్ చేసి పిన్నితో "మొక్కు తీర్చుకోను పోతన్నాం" అనే చెప్పింది.

బుక్ చేసేటప్పుడు నేను చేసిన తప్పు ఒకటుంది. ప్రకటనలో సౌనా, అంటే ఆవిరి స్నానాల గది ఉందా, పడవ ఉందా అని చూశాను గానీ, కింద చిన్న అక్షరాల్లో ఉన్న "కంతోవేసి" అన్న మాట చూడలేదు. చూసినా అప్పట్లో అర్థమయ్యేది కాదేమో. మోసుకొచ్చే నీళ్ళు అని దాని అర్థం. అంటే ఇంట్లో కొళాయి లేదు. కొళాయి లేదంటే ఫ్లష్ కూడా లేదు. ఈ సంగతి రైల్లో మా అమ్మాయి చదివి చెప్పింది. దానికి ఎనిమిదేళ్ళు, ఫిన్నిష్ బడికి పోతుంది. నాకు చెమటలు పట్టాయి. నాన్నకి చెప్పే ధైర్యం లేక కిటికీలోంచి పుంకాహర్యు చూపించాను. మంచుయుగం చివర్న హిమానీనదం కింద పారిన నీళ్ళు ఇసుకా గులకరాళ్ళూ పోసి పెట్టిపోయిన సన్నటి గట్టు అది. రెండు పక్కలా నీళ్ళు, మధ్యలో పైన్ చెట్లు. హెల్సింకీ నుంచి పరిక్కలా దాకా పెద్ద రైలు, అక్కడ దిగి చిన్న రైలుబస్సు ఎక్కితే అది ఆ గట్టు పక్కగానే పోతుంది. ఇటుగా వచ్చేవాళ్ళకి చెబుతున్నాను, ఆ రైలుబస్సులో గంటసేపు ఫోను లోపల పెట్టండి.

రైలు దిగాక మాత్రం కష్టం. పల్లెలకు బస్సులు తక్కువ, బడులు లేని వేసవిలో మరీ తక్కువ. మొక్కి యజమానురాలే, డెబ్భై దాటిన ఆవిడ, కారేసుకుని వచ్చింది. పర్యావరణం గురించి ఇక్కడి వాళ్ళు ఎంత మాట్లాడినా మొక్కికి మటుకు ఎక్కువమంది కార్లలోనే పోతారు. శుక్రవారం మధ్యాహ్నం హెల్సింకీ నుంచి ఉత్తరానికి పోయే రోడ్డు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ఇల్లు చూపిస్తూ ఆవిడ మమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడో చెక్క గది, తలుపు మీద గుండె ఆకారంలో చిల్లు. దీన్ని హూసీ అంటారు. లోపల చెక్క బల్ల, దాని మీద మూత, పక్కనే బకెట్ నిండా చెట్టు బెరడు పొట్టు, అందులో డబ్బా. పని అయ్యాక నీళ్ళు పోయకూడదు, డబ్బాడు పొట్టు చల్లాలి. అదంతా మురిగి ఎరువవుతుంది. నాన్న తలుపు తెరిచి చూశాడు, మూత ఎత్తి చూశాడు, నా వంక చూశాడు.

"నలభై ఏళ్ళు చెంబట్టుకుని పొలానికి పోయినా. నువ్వు ఉద్యోగంలో చేరి మొదటి జీతాల్తో మరుగుదొడ్డి కట్టించినావు. ఇప్పుడు యిమానం ఎక్కించి, 600 యూరోలు ఇచ్చి, మళ్ళీ ఇక్కడికి తెచ్చినావు. సరే కానీరా."

అమ్మ ఏమీ అనలేదు. ఖాళీ నీళ్ళ సీసా ఒకటి ఏరి పెట్టుకుంది.

నీళ్ళ కోసం యజమానురాలి ఇంటి ముందున్న చేతి పంపు దగ్గరికి పోవాలి, వంద గజాల దూరం. రెండు క్యాన్లు పట్టుకుని నేనూ నాన్నా వెళ్ళాం. మాది మార్కాపురం పక్క. పలకల ఊరని పేరు, నీళ్ళ ఊరని ఎవరూ అనరు. మా చేలో ఆఖరుసారి వేసిన బోరు 800 అడుగులు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు, ఆ తర్వాత రెండేళ్ళకే బత్తాయి తోట కొట్టేశాం. నాన్న పంపు చెయ్యి పట్టుకుని గట్టిగా దంచడానికి కాలు వెనక్కి వేసి నిలబడ్డాడు. రెండో దంపుకే నీళ్ళు దబదబా పడ్డాయి. ఆయన తూలాడు. క్యాను నిండాక కూడా ఆపలేదు. చెయ్యి దోసిలి పట్టి తాగాడు, మొహం మీద చల్లుకున్నాడు, వృథా పోతున్నాయని గబుక్కున ఆపేశాడు. "ఎన్నడుగులంట?" అన్నాడు. ఆవిణ్ణి అడిగితే చేతులు చాపి చూపించింది, ఆరేడు మీటర్లు. నాన్న ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు. వారం రోజులూ నీళ్ళు మాత్రం ఆయనే తెచ్చాడు, మోకాళ్ళ సంగతి మేం గుర్తుచేసినా.

రెండో రోజు పొద్దున గొడవ జరిగింది. గొడవంటే పెద్దదేం కాదు. నేను లేచేసరికి అమ్మ పడవ కట్టే చెక్క రేవు మీద కూర్చుని, తెచ్చుకున్న సబ్బుబిళ్ళతో బట్టలు ఉతుకుతోంది. నురగ సరస్సులోకి పోతోంది. యజమానురాలు అటుగా వచ్చి చూసింది. అరవలేదు. ఇంటికెళ్ళి రెండు బకెట్లు తెచ్చి, నీళ్ళు ముంచి, ఒడ్డుకి దూరంగా గడ్డి మీద పెట్టి, ఇక్కడ ఉతికి నీళ్ళు నేల మీద పారబొయ్యమని సైగ చేసింది. సబ్బు నీళ్ళు సరస్సులో కలవకూడదు, మట్టిలో ఇంకితే ఫరవాలేదు. తనవాళ్ళమ్మ కూడా ఇదే రేవు మీద కూర్చుని తివాచీలు ఉతికేదట, అప్పట్లో ఇక్కడ అందరూ అంతేనట. మా అమ్మాయి ఇదంతా తెలుగులో చెప్పింది.

అమ్మ మొహం చిన్నబుచ్చుకుంటుందనుకున్నా. గబగబా బట్టలన్నీ ఎత్తి గడ్డి మీద పెట్టి, "మంచినీళ్ళ చెరువని ముందే చెప్పొచ్చు కదంటే! మేం కాళ్ళు కూడా పెట్టం" అని మనవరాలి మీద ఎగిరింది. మా ఊళ్ళో మంచినీళ్ళ చెరువు వేరే ఉండేది, గేదెల్ని కూడా ఆ గట్టెక్కనిచ్చేవాళ్ళు కాదు. ఈ దేశం చట్టాలూ నియమాలూ నేను ఆఫీసు ఇంట్రానెట్‌లో చదువుకున్నాను. అమ్మకి ఒక్క మాట సరిపోయింది.

ఆ తర్వాత వాళ్ళిద్దరికీ భలే కుదిరింది. ఆవిడ పెరట్లోంచి రూబార్బ్ కాడలు కోసి ఇచ్చింది. ఇక్కడి తెలుగువాళ్ళకి రూబార్బ్ అంటే గోంగూరకి చిన్నాన్న కూతురు. ఆకు విషం, పారెయ్యాలి, కాడ మాత్రం మంచి పులుపు. కందిపప్పులో వేసి, ఎండు మిరపకాయలూ వెల్లుల్లీ తాలింపు పెట్టి అమ్మ ఆవిడకో గిన్నె పంపింది. గిన్నె కడిగి అడవి బ్లూబెర్రీలు నింపి తిరిగొచ్చింది. అవి మా వెనక అడవిలో మోకాలెత్తు పొదలకి కావలసినన్ని ఉన్నాయి. ఎవరి తోటో ఏమో అడక్కుండా ఎట్లా కోస్తామని అమ్మ సంకోచం. ఇక్కడ అడవి ఎవరిదైనా సరే, పళ్ళూ పుట్టగొడుగులూ ఎవరైనా ఏరుకోవచ్చు, నడవొచ్చు, ఒక రాత్రి గుడారం వేసుకోవచ్చు. ఇంటి పెరట్లోకి పోకూడదు, చెట్టు కొమ్మ విరవకూడదు, స్థలం గలవాళ్ళని అడక్కుండా నిప్పు రాజెయ్యకూడదు. ఇది అందరి హక్కు అని మా అమ్మాయి వాళ్ళ బళ్ళో చెప్పారు. అమ్మ అన్నీ విని, "దోమలది కూడానా?" అంది. నిజమే, ఆ దోమల గురించి టూరిజం వాళ్ళు ఎక్కడా రాయరు.

సాయంత్రాలు సౌనా. కట్టెల కొట్టులోంచి కట్టెలు తెచ్చి పొయ్యి రాజేసింది నాన్నే. కాసేపు కూర్చుని, "మే నెల్లో మనూళ్ళో దీనికి కట్టెలు దండగ" అని బయటికొచ్చి, చన్నీళ్ళలో మెడదాకా దిగాడు. ఆయనకి ఈత వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. చిన్నప్పుడు బావిలో నేర్చుకున్నాడట. ఆ బావి నేను పుట్టేసరికే ఎండిపోయింది. రాత్రి పదిన్నరైనా పొద్దు కుంకదు. సంధ్య దీపం ఎప్పుడు పెట్టాలో అమ్మకి తేలలేదు. చివరికి ఇండియా టైము చూసి సాయంత్రం నాలుగింటికి పెట్టేసింది.

ఒకరోజు ఒరావి రేవు నుంచి పడవలో లిన్నన్‌సారి జాతీయ పార్కుకి వెళ్ళాం. 1956లో పెట్టారు. దేశంలో ఏ జాతీయ పార్కుకీ ప్రవేశ రుసుం లేదు, పడవ డబ్బులే మనవి. దీవి మధ్యలో పాతకాలపు కౌలు రైతు ఇల్లు, దాని చుట్టూ చిన్న చేను. అడవి కొట్టి, కాల్చి, ఆ బూడిదలో గోధుమ లాంటి రై గింజలు చల్లే సేద్యం ఈ ప్రాంతంలో వందల ఏళ్ళు సాగింది. ఆ పద్ధతి మరిచిపోకుండా అక్కడ ఇప్పటికీ చేసి చూపిస్తారని మా ఆవిడ బోర్డు చదివి చెబుతుంటే నాన్న మధ్యలోనే, "పోడు" అన్నాడు. నల్లమల అంచున పెరిగినాయనకి బోర్డు అక్కర్లేదు. మన దగ్గర పోడు అంటే కేసులు, ఇక్కడేమో బోర్డు పెట్టారే అని నవ్వాడు.

ఆ నీళ్ళలో సైమా సీల్ అనే నీటి జంతువు ఉంటుంది. మంచుయుగం తర్వాత నేల పైకి లేచి సముద్రానికి దారి మూసుకుపోతే ఈ సరస్సులోనే చిక్కుకుపోయిన జాతి, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 1980ల్లో 200 లోపుకి పడిపోయాయి, ఇప్పుడు 500 దరిదాపుల్లో ఉన్నాయి. సీల్ పిల్లలు వలల్లో పడి చనిపోకుండా ఏప్రిల్ 15 నుంచి జూన్ చివరిదాకా అవి ఉండే నీళ్ళలో వలవేట ఆపేస్తారు. అవి మంచు దిబ్బల్లో గూడు చేసుకుని ఈనుతాయి. మంచు సరిగా పడని ఏడాది జనం పారలు పట్టుకుపోయి దిబ్బలు పోసి వస్తారు. మా టీమ్‌లో ఒకాయన అలా వెళ్ళొచ్చాడు. ఆయన విమానం ఎక్కడం మానేసి చాలా ఏళ్ళయింది. సెలవులయ్యాక కాఫీ దగ్గర, రైల్లో వెళ్ళాం, నీళ్ళు మోసుకున్నాం, హూసీ వాడాం అని గొప్పగా చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. హైదరాబాద్ నుంచి దోహా, దోహా నుంచి హెల్సింకీ, ఇద్దరికి రానూ పోనూ. మేం నలుగురం ఏడాదికోసారి పోయి రావడం. ఆ పొగ ముందు నా రైలు టికెట్ ఏపాటిది? ఆయనేం అనలేదు. వాళ్ళమ్మ వంద మైళ్ళ దూరంలోనే ఉంటుంది, రైల్లో పోయొస్తాడు. మా అమ్మ ఉన్న చోటుకి రైలు లేదు.

సీల్ మాత్రం కనపడలేదు. ఎండ కాచుకోవడానికి అవి రాళ్ళెక్కేది మేలో, మేం పోయింది జూలైలో. నాన్న పడవలో చెయ్యి అడ్డం పెట్టుకుని ప్రతి రాయినీ చూశాడు. ఇంటికొచ్చాక, మే నెలలో ఒక రాయి దగ్గర కెమెరా పెట్టి ఇంటర్నెట్‌లో లైవ్ చూపిస్తారని మాటవరసకి చెప్పాను.

ఈ మేలో ఒక పొద్దున మీటింగ్‌లో ఉంటే నాన్న ఫోన్. మార్కాపురంలో 44 డిగ్రీలు, ఫ్యాన్ కింద కూర్చున్నాడట. ఏమైందోనని కంగారుగా బయటికొచ్చి ఎత్తాను.

"రెండు గంటల్నించి చూస్తన్నారా. రాయి ఖాళీగానే ఉంది. నీళ్ళు మాత్రం బాగా కనపడతన్నయ్."