పాతబస్తీ నుంచి మొజంజాహీ దాకా: రెండు హైదరాబాదుల ప్రదర్శన కోసం తిరిగిన దారి

హైదరాబాద్ పేరుతో రెండు ఊళ్లున్నాయి. ఒకటి మూసీ ఒడ్డున 1591లో కులీ కుతుబ్ షా కట్టించింది. ఇంకొకటి ఇప్పటి పాకిస్తాన్‌లో, సింధు నది పక్కన 1768లో గులాం షా కల్హోరా కట్టించింది. రాకపోకలు తెగిపోయిన ఈ కాలంలో ఆ ఊరి మనుషుల్ని ఈ ఊరికి దగ్గర చేసే ప్రదర్శనకు నమూనా వేస్తున్నాం. గోడలకు బొమ్మలు తగిలించేది కాదు, లోపలికి నడిచి వినాలి, ముట్టుకోవాలి, వాసన చూడాలి. అందుకు కావలసినవి వెతుక్కుంటూ చార్మినార్ నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా తిరిగాం.

ఎంజీబీఎస్‌లో మెట్రో దిగి, నయాపూల్ మీదుగా ఆటోలో వెళ్లేసరికి లాడ్ బజార్‌లో షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. చప్పుళ్లు రికార్డు చేయడానికి అదే మంచి వేళ. బేరాలు ఊపందుకున్నాక హారన్లు అన్నింటినీ మింగేస్తాయి. మైకు నిలబడ్డ మనిషి చెవి ఎత్తులో, అంటే ఐదడుగుల దగ్గర ఉండాలి. రికార్డింగ్ నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ చాలు. లెవెల్ మాత్రం మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వొద్దు. గాజుకు గాజు తగిలే చప్పుడు చెవికి మెత్తగానే ఉంటుంది గానీ మైకులో ఒక్కసారిగా పైకి లేచి పగిలిపోతుంది. ఎవరూ మాట్లాడని రెండు నిమిషాలు ప్రతి చోటా విడిగా తీసుకోవాలి. తర్వాత ముక్కలు అతికేటప్పుడు సందులు కప్పేది అదే. ఎవరి గొంతైనా వాడుకోవాలంటే, ఎక్కడ వినిపిస్తామో ముందే చెప్పి రాతలో ఒప్పుకోలు తీసుకోవాలి.

సందులోకి తిరిగితే లక్క గాజుల కార్ఖానాలు. 2024లో ఈ గాజులకు జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. చిన్న గది, బొగ్గుల కుంపటి, దాని మీద రేకు. మెత్తబడిన లక్క ముద్దను ఒకామె సన్నగా సాగదీసి లోహపు రింగు చుట్టూ అతికించింది. అది గట్టిపడేలోపే రాళ్లు ఒక్కొక్కటిగా అద్దాలి, ఆలస్యమైతే మళ్లీ కుంపటి మీదికే. "చెయ్యి కాలదా అమ్మా?" అంటే "కాలుతది, అలవాటైతది" అంది తలెత్తకుండానే.

ఇదే బజార్లో అమ్మే మట్టి గాజులు ఫిరోజాబాద్ నుంచి వస్తాయి. దేశ విభజన తర్వాత అదే ఫిరోజాబాద్ నుంచి వెళ్లిన పనివాళ్లు సింధ్ హైదరాబాద్‌లో గాజుల పని నిలబెట్టారు. అక్కడ చుట్టలా వచ్చిన గాజును కోశాక వంకర సరిచేయడం, కొసలు మంట మీద అతకడం ఎక్కువగా ఆడవాళ్లు ఇళ్లలోనే చేస్తారు. మా మొదటి గది ఇదే. ఒక పొడవాటి బల్ల మీద ఒకవైపు లక్క అద్దే చేతులు, ఇంకోవైపు కొసలు అతికే చేతులు, మధ్యలో ముట్టుకోవడానికి నిజం గాజులు. ముఖాల్లేవు, జెండాల్లేవు, ఊరి పేరు గది దాటేదాకా చెప్పం. మొదటి గదిలోనే చావులు చూపించే పద్ధతి మాకు నచ్చదు. వచ్చినవాళ్లు వెంటనే మావాళ్లెందరు, మీవాళ్లెందరు అని లెక్కలకు దిగుతారు. ముందు పని కనిపించాలి, బాధ ఆ తర్వాత.

ప్రొజెక్టర్ పైకప్పుకు పెడితే వంగిన తలల నీడలు చేతుల మీద పడతాయి. అందుకే బల్లకు పాలరంగు యాక్రిలిక్ పలక వేసి కిందినుంచి చూపించాలి. త్రో రేషియో, అంటే ప్రొజెక్టర్ దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది, 0.3 ఉంటే ఒకటిన్నర మీటర్ల వెడల్పు బొమ్మకు 45 సెంటీమీటర్ల దూరం చాలు. బల్లను నాలుగువైపులా మూసేస్తే మాత్రం వేడెక్కి ప్రొజెక్టర్ ఆగిపోతుంది. కింద గాలి లోపలికి రావడానికి, పైన వేడి బయటికి పోవడానికి కంతలుండాలి.

రెండో గదికి తెర అక్కర్లేదు. సింధ్ హైదరాబాద్ ఇళ్ల కప్పుల మీద ఒకప్పుడు నైరుతి గాలిని పట్టి గదిలోకి దింపే గూళ్లు వరసగా ఉండేవి. అలాంటి గూడు ఒకటి కట్టి, కింద కూర్చున్నవాళ్ల మీదికి గాలి దింపుతాం. ఫ్యాను నెత్తిమీదే బిగిస్తే దాని రొద తప్ప ఏమీ వినపడదు. నాలుగైదు మీటర్ల అవతల పెట్టి, లోపల ఫోమ్ అతికించిన గొట్టంలోంచి గాలి తేవాలి. అక్కడి ఇల్లాలి మాటలు సింధీలో, చెవి దగ్గరి చిన్న స్పీకర్‌లోంచి తక్కువ గొంతుతో వస్తాయి. హెడ్‌ఫోన్లు పెడితే కలిసొచ్చిన కుటుంబం ఎవరికి వారే అయిపోతారు.

తెలుగు అనువాదం గోడ మీద పడుతుంది. ఇంగ్లిష్‌కు సరిపోయే వరసల ఎడం ఇక్కడ పెడితే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీదికి ఎక్కుతాయి. అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఎడం, ఒకేసారి రెండు వరసలకు మించకుండా ఉండాలి. సున్నం గోడ గరుకుకు ఒత్తులు అలుక్కుపోతాయి కాబట్టి నున్నటి పలక బిగించుకోవాలి.

గదుల మధ్య ఒక్క పొర జిప్సం గోడ చప్పుడు ఆపదు. రెండువైపులా రెండేసి 12.5 మిల్లీమీటర్ల పలకలు, మధ్యలో చప్పుడు పీల్చే రాక్‌వూల్ (రాతి నార), తలుపు బదులు మలుపు తిరిగిన నడవ, దానికి బరువైన తెర. బృందానికి పదిమంది, గదికి ఏడున్నర నిమిషాలు. గంటకు ఎనభై మందికి మించి టికెట్లు ఇవ్వకూడదు.

మొజంజాహీ మార్కెట్ దగ్గరి కరాచీ బేకరీ 1953లో సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని పెట్టింది. సింధ్ హైదరాబాద్‌లో 1911 నాటి బాంబే బేకరీ ఉంది. దాన్ని పెట్టిన సింధీ హిందూ కుటుంబం విభజన తర్వాతా అక్కడే ఉండి నడిపింది. మూడో గది ఈ రెండింటిదీ. సెంటు యంత్రంతో వెన్న వాసన వదిలితే కొద్ది నిమిషాల్లో ముక్కుకు తెలియడం మానేస్తుంది, తెరలకు పట్టి రోజంతా వెగటు పుట్టిస్తుంది. బృందానికో ట్రే చొప్పున వేడి బిస్కెట్లు లోపలికి తేవడమే మేలు.

చివరి నడవలో మూసిన రైలు టికెట్ కిటికీ. రాజస్థాన్‌లోని మునాబావ్ నుంచి సింధ్‌లోని ఖోఖ్రాపార్‌కు వెళ్లే రైలు దారి 1965 యుద్ధంతో ఆగింది, 2006లో తెరుచుకుంది, 2019 ఆగస్టు నుంచి మళ్లీ మూత. ఆ మూడు సంవత్సరాలు కిటికీ మీద రాస్తాం, అంతే. చూసేవాళ్లను శరణార్థులుగా నటించమనడం, చీకట్లో అరుపులు వినిపించడం వద్దు. ఆ రైళ్లలో నిజంగా వచ్చిన ఇళ్లవాళ్లు కూడా మన వరసలో ఉంటారు. ఆ దారికి మ్యాప్ పెట్టాలంటే సర్వే ఆఫ్ ఇండియా గీసిన సరిహద్దు గీతే ఉండాలి. 1961 క్రిమినల్ లా సవరణ చట్టం ప్రకారం దానికి భిన్నమైనది ప్రచురిస్తే ఆరు నెలల దాకా జైలు. స్టేషన్ల పేర్లు వరసగా రాస్తే ఆ గొడవే లేదు.

తెరిచే ముందు అట్టపెట్టెలతో గదులు కట్టి, మార్కెట్లో కనిపించినవాళ్లను పిలిచి నడిపిస్తాం. బయటికొచ్చాక ఒకటే ప్రశ్న: ఆ ఊళ్లో ఆమె పొద్దున ఏ పని చేస్తుంది? గాజు కొసలు అతుకుతుందని చెప్పగలిగితే గది పనిచేసినట్టు. "పాపం" అని ఊరుకుంటే మొదటి బల్ల దగ్గరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి.